దూరపు వేటకు రైఫిల్, స్కోప్ ఎంపిక: అమెరికా పశ్చిమ రాష్ట్రాల వేటగాళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

కొలరాడో, వయోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో ఎల్క్, మ్యూల్ డీర్ (రెండూ జింక జాతులు), ప్రాంగ్‌హార్న్ (జింకను పోలిన జంతువు) వేటకు సిద్ధమవుతూ మొదటిసారి రైఫిల్ కొనే వారు దుకాణంలో దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "ఇది ఎంత దూరం కొడుతుంది?" నేటి మామూలు వేట రైఫిల్ నుంచి వెలువడిన బుల్లెట్ రెండు మూడు మైళ్ల దూరంలో కూడా ప్రాణం తీయగలదు కాబట్టి ఆ ప్రశ్నకు వచ్చే జవాబు వల్ల ఎంపికకు ఏ సాయమూ అందదు. వేటగాడు తనను తాను అడగవలసిన ప్రశ్న వేరు. కొండ ఎక్కి ఆయాసపడుతున్న స్థితిలో, చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా, ఎటు వీస్తుందో తేలని గాలిలో, జంతువు గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోట మొదటి బుల్లెట్‌నే దించగల దూరం నాకు ఎంత? ఈ మార్గదర్శి ఆ దూరంతో మొదలై, దానికి తగిన బుల్లెట్, ఆ బుల్లెట్‌కు తగిన రైఫిల్, ఆ రైఫిల్‌ను నమ్మకంగా గురి పెట్టించగల స్కోప్ అనే వరుసలో సాగుతుంది. తుపాకీ ముందు కొని, మిగిలినవన్నీ దానికి అతికించుకుంటూ పోయే పద్ధతి డబ్బును వృథా చేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, గాయపడి తప్పించుకుపోయే జంతువుల సంఖ్యను పెంచుతుంది.

ఇక్కడ "దూరపు వేట" అంటే 300 నుంచి 500 గజాల మధ్య దూరం అని నా ఉద్దేశం. లోహపు పలక మీద వెయ్యి గజాల నుంచి కాల్చడం మంచి క్రీడే గాని, అది వేట కాదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఇందులోని ప్రతి మాటా అమెరికాలో, లైసెన్సుతో, వేట కాలంలో జరిగే వేటకు మాత్రమే వర్తిస్తుంది.

చట్టం సంగతి ముందు తేల్చుకోండి

అమెరికాలో ఉన్న తెలుగువారిలో చాలామంది హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉంటున్నారు కాబట్టి ఈ సంగతి అన్నిటికంటే ముందు చెప్పాలి. ఇలాంటి వలసేతర వీసాపై ప్రవేశించినవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు ముగియని వేట లైసెన్సు చేతిలో ఉండటం. కాబట్టి ముందు లైసెన్సు, తరువాతే రైఫిల్. స్నేహితుడి తుపాకీని కాల్పుల మైదానంలో కాసేపు పట్టుకుని చూడటానికి కూడా ఇదే వరుస పాటించండి. లైసెన్సు గడువు ముగిసిన రోజున ఆ మినహాయింపు కూడా ముగుస్తుంది కనుక, తుపాకీ ఇంట్లో ఉన్నంతకాలం లైసెన్సును పునరుద్ధరిస్తూ ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. మీ వీసా స్థితి విషయంలో ఏ చిన్న సందేహం ఉన్నా న్యాయవాదిని సంప్రదించిన తరువాతే కొనుగోలుకు వెళ్లండి. ఈ ఒక్క పొరపాటుతో ఈ దేశంలో మీ భవిష్యత్తే ప్రమాదంలో పడవచ్చు.

లైసెన్సుకు ముందు వేట శిక్షణ ధ్రువపత్రం కావాలి. కొలరాడోలో 1949 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి, వయోమింగ్‌లో 1966 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి ఇది తప్పనిసరి. తుపాకీ విషయంలో కూడా రాష్ట్రాల నియమాలు ఎంపికను నేరుగా ప్రభావితం చేస్తాయి. కొలరాడోలో పెద్ద జంతువుల వేటకు బుల్లెట్ వ్యాసం కనీసం 0.24 అంగుళం, బ్యారెల్ పొడవు కనీసం 16 అంగుళాలు ఉండాలి. ఎల్క్‌కు బుల్లెట్ బరువు కనీసం 85 గ్రెయిన్లు, 100 గజాల దగ్గర శక్తి కనీసం 1,000 ఫుట్-పౌండ్లు ఉండాలి. ఐడహోలో 16 పౌండ్లకు మించిన బరువున్న తుపాకీతో పెద్ద జంతువులను వేటాడకూడదు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం ఉన్న తూటాలు వాడకూడదు కాబట్టి, అక్కడ వేటాడబోయేవారు రాగి బుల్లెట్లతో బాగా పనిచేసే రైఫిల్‌నే ఎంచుకోవాలి. నియమాలు ఏటా మారుతుంటాయి; ఆ ఏడాది రాష్ట్ర వన్యప్రాణి శాఖ విడుదల చేసిన పుస్తకాన్ని చదవకుండా ఏదీ కొనవద్దు.

మీ హద్దును కొలవండి

ప్రాంగ్‌హార్న్, మ్యూల్ డీర్ వంటి జంతువుల్లో గుండె, ఊపిరితిత్తులు కలిసిన మర్మస్థానం సుమారు 8 నుంచి 10 అంగుళాల వ్యాసం ఉంటుంది. మన కణుజు కంటే పెద్దదైన ఎల్క్‌లో అది ఒక అడుగుకు పైగా ఉంటుంది. మైదానంలో బల్ల మీద ఇసుక సంచులు వేసి కాల్చే దానితో ఈ హద్దు తేలదు. 8 అంగుళాల కాగితపు పళ్లెం ఒకటి తగిలించి, వేటలో మీకు దొరికే ఆనికలతో మాత్రమే కాల్చండి: పడుకుని వీపు సంచి మీద, కూర్చుని కర్రల మీద, మోకాలి మీద. కాల్చే ముందు కాసేపు పరుగెత్తి రండి. ఏ దూరంలో పది బుల్లెట్లకు పదీ పళ్లెంలో పడతాయో అదే నేటికి మీ హద్దు. ఎనిమిది పడితే ఆ దూరం మీది కాదు, ఎందుకంటే మిగిలిన రెండూ కడుపులోనో కాలిలోనో దిగిన బుల్లెట్లు.

గాలి లెక్క ఈ హద్దును ఇంకా దగ్గరకు తెస్తుంది. దీనిని అంకెలతో చూపించక తప్పదు. 143 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు 2,700 అడుగుల వేగంతో పంపే 6.5 క్రీడ్‌మూర్ తూటాను తీసుకోండి. గంటకు 10 మైళ్ల గాలి సరిగ్గా పక్క నుంచి వీస్తే, ఆ బుల్లెట్ 300 గజాల దగ్గర సుమారు 5 అంగుళాలు, 400 గజాల దగ్గర 9 అంగుళాలు, 500 గజాల దగ్గర 15 అంగుళాలు పక్కకు జరుగుతుంది. వేటగాడు గాలిని పట్టించుకోకపోవడం అరుదు; అతడు అంచనా వేస్తాడు, ఆ అంచనా గంటకు 5 మైళ్లు తప్పుతుంది. ఏళ్ల అనుభవం ఉన్నవారికి కూడా కొండ ప్రాంతంలో ఆ మాత్రం తప్పడం మామూలే. అప్పుడు పొరపాటు 300 గజాల దగ్గర రెండున్నర అంగుళాలు, 400 దగ్గర నాలుగున్నర, 500 దగ్గర ఏడున్నర. ప్రాంగ్‌హార్న్ మర్మస్థానం మధ్య నుంచి అంచుకు ఉన్న దూరం 4 అంగుళాలు. అంటే మిగిలినదంతా సరిగ్గా చేసినా, గాలి అంచనాలో సహజంగా వచ్చే ఆ ఒక్క తప్పు వల్ల 500 గజాల దగ్గర బుల్లెట్ కడుపులో దిగుతుంది.

వయోమింగ్‌లోని సేజ్ పొదల మైదానంలో నాకు ఇది అనుభవమైంది. 430 గజాల దూరంలో ప్రాంగ్‌హార్న్ నిలబడి ఉంది. నా దగ్గర గడ్డి కదలడం లేదు, దాని దగ్గర కూడా కదలడం లేదు. మధ్యలో ఒక వాగు లోయ ఉందని, అందులో గాలి బలంగా వీస్తోందని నేను గమనించలేదు. బుల్లెట్ దాని వెనుక దుమ్ము లేపింది. పూర్తిగా తప్పిపోవడం ఆ జంతువు అదృష్టం, నా అదృష్టం కూడా; ఇంకో అడుగు ముందు పడి ఉంటే ఆ సాయంత్రమంతా రక్తపు జాడలు వెతుకుతూ గడిచేది. అప్పటి నుంచి గాలి ఉన్న రోజున ఆ జంతువుకు నా హద్దు 350 గజాలు.

కాలం కూడా ఒక హద్దు. ఇదే బుల్లెట్ 500 గజాలు చేరడానికి 0.64 సెకను పడుతుంది. మీరు ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే ఎల్క్ మామూలుగా నడక మొదలుపెడితే, బుల్లెట్ అక్కడికి చేరేసరికి అది రెండున్నర అడుగులకు పైగా జరిగి ఉంటుంది. ఏ ఖరీదైన స్కోప్ కూడా దీనిని సరిదిద్దలేదు. 1887లో థియొడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వేటలో న్యాయం గురించి చెప్పే నియమాల సారం కూడా ఇదే దారిలో ఉంటుంది: జంతువుకు తప్పించుకునే అవకాశం మిగలాలి, వేటగాడు తన సామర్థ్యం ఎరిగి ఉండాలి.

తూటా, దానిలోని బుల్లెట్

వాడుకలో రెండింటినీ ఒకటిగానే అంటాం గాని, ఇక్కడ తూటా అంటే ఇత్తడి తొడుగు, మందు, దాన్ని అంటించే ప్రైమర్, బుల్లెట్ అన్నీ కలిసినది. బుల్లెట్ అంటే ఎగిరి వెళ్లే ముక్క మాత్రమే. జంతువును పడగొట్టేది బుల్లెట్, కాబట్టి దానినే ముందు ఎంచుకోవాలి.

వేట బుల్లెట్ శరీరంలోకి దిగిన తరువాత పువ్వులా విచ్చుకోవాలి. అలా విచ్చుకోవడానికి ప్రతి బుల్లెట్‌కు ఒక కనీస వేగం ఉంటుంది. దూరపు వేట కోసం చేసిన సీసపు బుల్లెట్లలో కొన్నిటికి అది సెకనుకు 1,600 అడుగుల దగ్గర ఉంటే, చాలా రాగి బుల్లెట్లకు 1,800 నుంచి 2,000 అడుగుల దాకా కావాలి. తయారీదారు ప్రకటించిన ఆ అంకెను కనుక్కోండి. మీ తూటా మీ హద్దు దూరంలో ఎంత వేగంతో ఉంటుందో పట్టికలో చూడండి. రెండింటి మధ్య కనీసం 200 అడుగుల తేడా మిగలాలి. ఎల్క్‌కు 1,500 ఫుట్-పౌండ్లు, జింకకు 1,000 ఫుట్-పౌండ్లు ఉండాలన్న పాత లెక్క కూడా పనికివస్తుంది గాని, నేను వేగానికే ఎక్కువ విలువ ఇస్తాను. ఎంత శక్తి ఉన్నా, విచ్చుకోని బుల్లెట్ సన్నటి రంధ్రం చేసి బయటకు వెళ్లిపోతుంది. లక్ష్యపు పోటీల కోసం చేసిన బుల్లెట్లు ఎంత కచ్చితంగా పడినా వాటిని వేటకు వాడకండి. శరీరంలో అవి ఎలా ప్రవర్తిస్తాయో నమ్మకం లేదు.

ఇక తూటాల విషయం. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ పైన చెప్పిన బుల్లెట్‌తో 500 గజాల దగ్గర సుమారు 2,030 అడుగుల వేగం, 1,300 ఫుట్-పౌండ్ల శక్తి నిలుపుకుంటుంది. జింకలకు, ప్రాంగ్‌హార్న్‌కు ఇది చాలినంత. ఎల్క్‌కు దీనిని 400 గజాల లోపే ఉంచాలి. 1963 నుంచి ఉన్న .300 విన్చెస్టర్ మాగ్నమ్ 200 గ్రెయిన్ల బుల్లెట్‌ను 2,860 అడుగుల వేగంతో పంపి, 500 గజాల దగ్గర కూడా సుమారు 2,000 ఫుట్-పౌండ్లు మిగుల్చుకుంటుంది. కాని 9 పౌండ్ల రైఫిల్‌లో మొదటిదాని తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బ) 12 ఫుట్-పౌండ్లు ఉంటే రెండోదానిది 30కి దగ్గరగా ఉంటుంది. ఆ తన్నుకు భుజం భయపడితే, ట్రిగ్గర్ నొక్కే ముందే కన్ను మూసుకుంటుంది, వేలు గుంజుతుంది. అలా గుంజిన బుల్లెట్‌కు ఎంత శక్తి ఉన్నా ఉపయోగం లేదు.

ఈ రెండింటి మధ్యలో 6.5 పిఆర్‌సి, 1925 నాటి .270 విన్చెస్టర్, 1962 నాటి 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్, 2022లో వచ్చిన 7 ఎంఎం పిఆర్‌సి ఉన్నాయి. ఒకే రైఫిల్‌తో ప్రాంగ్‌హార్న్ నుంచి ఎల్క్ దాకా వేటాడాలనుకుని, తుపాకీ అనుభవం కొంత ఉన్నవారికి నేను 7 ఎంఎం తరగతిని సూచిస్తాను. మొదటి రైఫిల్ కొంటున్నవారికి మాత్రం 6.5 క్రీడ్‌మూర్ గాని .308 విన్చెస్టర్ గాని కొనమంటాను, ఎందుకంటే తన్ను తక్కువ, తూటా ధర తక్కువ, చిన్న ఊళ్లలోని దుకాణాల్లో కూడా దొరుకుతుంది. ఈ మూడు కారణాల వల్ల మీరు ఏడాదికి ఇరవై తూటాలకు బదులు మూడు వందలు కాలుస్తారు. నైపుణ్యం వచ్చేది అక్కడే.

రైఫిల్

దూరపు వేటకు బోల్ట్ యాక్షన్ రైఫిలే, అంటే ప్రతి తూటాకూ బోల్ట్‌ను చేత్తో లాగి ఎక్కించేదే, తగినది. వింటేజ్ తుపాకుల అందం, చెక్క స్టాక్ (భుజానికి ఆనించే భాగం) నిగనిగలు మనసుకు నచ్చవచ్చు గాని, తేమకు, ఎండకు ఉబ్బి బ్యారెల్‌ను తాకని సింథటిక్ లేదా కార్బన్ ఫైబర్ స్టాక్ మేలు. స్టాక్‌కు, బ్యారెల్‌కు మధ్య కాగితం ఒకటి దూర్చి లాగి చూడండి. అది యాక్షన్ (బోల్ట్ ఉండే లోహ భాగం) దాకా ఆగకుండా జారాలి.

కచ్చితత్వం గురించి వాడే ఎంఓఏ అనే కోణపు కొలత 100 గజాల దగ్గర 1.047 అంగుళం. తయారీదారులు ఒక ఎంఓఏ హామీ ఇస్తున్నప్పుడు సాధారణంగా మూడు బుల్లెట్ల గుంపును లెక్కిస్తారు. మూడు బుల్లెట్లు అదృష్టం కొద్దీ కూడా దగ్గరగా పడతాయి. పది కాల్చి కొలవండి. ఆ పది ఒకటిన్నర ఎంఓఏలో పడితే 500 గజాల దగ్గర గుంపు 8 అంగుళాల లోపే ఉంటుంది, 400 గజాల దగ్గర ఆరుంబావు అంగుళాలే. అది మంచి వేట రైఫిల్. అర ఎంఓఏ కోసం రెండు రెట్ల డబ్బు పెట్టే ముందు, పైన చెప్పిన గాలి తప్పును మళ్లీ చూడండి. రైఫిల్ గుంపును చిన్నది చేసిన ఆ డబ్బు, ఏడున్నర అంగుళాల తప్పు జరిగే చోట మిమ్మల్ని కాపాడలేదు.

బ్యారెల్ లోపలి మెలిక గురించి అడగకుండా కొనవద్దు. పొడవైన, గాలిని బాగా చీల్చే బుల్లెట్ నిలకడగా తిరగాలంటే మెలిక బిగుతుగా ఉండాలి. 6.5 క్రీడ్‌మూర్‌లో 8 అంగుళాలకు ఒక చుట్టు మామూలు. పాత .270 రైఫిళ్లలో 10 అంగుళాలకు ఒక చుట్టు ఉండటం వల్ల, నేటి పొడవైన బరువు బుల్లెట్లలో కొన్ని వాటిలో నిలకడగా ఎగరవు. పాత రైఫిల్ చవకగా దొరికిందని సంతోషించే ముందు ఈ ఒక్క అంకె చూసుకోండి. బ్యారెల్ పొడవు 22 నుంచి 24 అంగుళాలు చాలు. సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) బిగించే ఉద్దేశం ఉంటే 20 కూడా సరిపోతుంది.

బరువు విషయంలో ఒకరి సలహా మరొకరికి పనికిరాదు. ఎల్క్ వేటలో 10,000 అడుగుల ఎత్తున రోజుకు ఆరేడు మైళ్లు నడవాలి. అక్కడ ప్రతి పౌండూ తెలుస్తుంది. కాని 6 పౌండ్ల రైఫిల్ ఊపిరికి కూడా ఊగుతుంది, మాగ్నమ్ తూటాతో గట్టిగా తన్నుతుంది. స్కోప్, తూటాలు, బెల్టు అన్నీ కలిపి 9 పౌండ్ల దగ్గర ఉంటే మోయడానికి, కాల్చడానికి రెండింటికీ సమతూకం కుదురుతుందని నా అనుభవం. ట్రిగ్గర్ రెండున్నర నుంచి మూడు పౌండ్ల మధ్య, మెత్తగా జారకుండా గాజు పుల్ల విరిగినట్టు తెగాలి. చలికి మొద్దుబారిన వేలితో అంతకంటే తేలిక ట్రిగ్గర్ ప్రమాదం.

ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టి3ఎక్స్, స్పెయిన్‌లోని బెర్గారా బి-14, జపాన్‌లోని హోవా 1500, అమెరికాలోని సావేజ్ 110, పోర్చుగల్‌లో కూర్చే విన్చెస్టర్ మోడల్ 70 ఇవన్నీ ఈ పనికి తగినవే. వీటిలో ఏది మీ భుజానికి ఎత్తగానే, మెడ సాగదీయకుండా కన్ను స్కోప్ మధ్యకు వస్తుందో అది కొనండి. సగటు అమెరికన్ పొడవుకు తగ్గట్టు చేసిన స్టాక్ మనలో కొందరికి పొడవుగా అనిపిస్తుంది. మందపాటి చలికోటు వేసుకుని ఎత్తి చూస్తే ఆ సంగతి దుకాణంలోనే తేలిపోతుంది.

బ్యారెల్ చివర బిగించే మజిల్ బ్రేక్ తన్నును బాగా తగ్గిస్తుంది, కాని పేలుడు శబ్దాన్ని వెనక్కి, పక్కలకు మళ్లిస్తుంది. చెవి రక్షణ లేకుండా ఒక్కసారి కాల్చినా శాశ్వత నష్టం జరగవచ్చు; పక్కన ఉన్న తోడు వేటగాడికి కూడా. తన్ను తట్టుకోలేక బ్రేక్ కావలసి వస్తోందంటే, చిన్న తూటాకు దిగడమే మంచిదని నా అభిప్రాయం.

స్కోప్

రైఫిల్‌కు ఎంత పెట్టారో స్కోప్‌కు, దానిని రైఫిల్‌కు బిగించే రింగులకు కలిపి కనీసం అంత పెట్టండి. నేను చూసినంతలో, దూరపు వేటలో పరికరం వల్ల జరిగే వైఫల్యాల్లో ఎక్కువ భాగం స్కోప్‌వి, దాని బిగింపువి. రైఫిల్‌వి చాలా తక్కువ.

కొనేవారు ముందుగా చూసేది అద్దం మెరుపు, ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందన్నది. నా దృష్టిలో ఆ రెండూ తరువాతి విషయాలు. మొదటి విషయం, జీరో (ఎంచుకున్న దూరంలో గురి పెట్టిన చోటే బుల్లెట్ పడేలా చేసిన అమరిక) నిలబడటం: ట్రక్కులో కుదుపులకు, రాతి మీద పడ్డ దెబ్బకు, వందల తూటాల తన్నుకు కూడా గురి కదలకూడదు. రెండో విషయం, టరెట్ (గురిని పైకీ కిందికీ, పక్కలకూ జరిపే మీట) నిజం చెప్పడం: పది క్లిక్కులు తిప్పితే పది క్లిక్కులే కదలాలి, వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. మసక అద్దంలోంచి కూడా ఎల్క్ భుజం కనిపిస్తుంది. అబద్ధం చెప్పే టరెట్‌తో మాత్రం ఆ భుజానికి తగలదు.

రెట్ల విషయంలో 3-15, 4-16, 3-18 తరగతి స్కోపులు చాలు. 25 రెట్లు పెంచితే చూపు పరిధి ఇరుకై, తన్ను తరువాత జంతువు ఎటు వెళ్లిందో కనిపించదు. ఎండ వేళ నేల మీది వేడి గాలి అలలు బొమ్మను కరిగించేస్తాయి. నేను 400 గజాల దగ్గర కూడా 10 లేదా 12 రెట్లకు మించను. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం వ్యాసం వస్తుంది: 44 ఎంఎం అద్దంతో 15 రెట్ల దగ్గర అది 2.9 ఎంఎం మాత్రమే, 6 రెట్ల దగ్గర 7.3. మసక వెలుగులో సరిగా కనపడకపోతే పెద్ద అద్దం ఉన్న స్కోప్ కొనే ముందు, రెట్లు తగ్గించి చూడండి.

ఎంఓఏ, మిల్ అనే రెండు కొలతల్లో ఏదైనా ఫరవాలేదు. టరెట్, రెటికిల్ (స్కోప్ లోపల కనిపించే గురి గీతలు) రెండూ ఒకే కొలతలో ఉండటం మాత్రం తప్పనిసరి. ఒక మిల్ 100 గజాల దగ్గర 3.6 అంగుళాలు. పైన చెప్పిన 6.5 తూటాకు 100 గజాల జీరో నుంచి 500 గజాలకు సుమారు 3 మిల్లులు, లేదా 10.4 ఎంఓఏ పైకి తిప్పాలి. మెట్రిక్ కొలతలతో పెరిగిన మనకు మిల్లులో పదో వంతుల లెక్క తేలికగా పట్టుబడుతుంది.

రెటికిల్ ముందు తలంలో ఉంటే రెట్లు ఏవైనా దాని గీతల కొలత సరిగ్గా ఉంటుంది. కాని చిన్న రెట్ల దగ్గర అది సన్నబడి, చెట్ల నీడలో కనిపించకుండా పోతుంది. వెనుక తలంలో ఉంటే గీతలు ఎప్పుడూ ఒకే మందంగా కనిపిస్తాయి; కాని వాటి కొలత ఒక్క రెట్ల దగ్గరే, ఎక్కువ స్కోపుల్లో గరిష్ఠ రెట్ల దగ్గర, సరిపోతుంది. ఎత్తును టరెట్‌తో తిప్పి, గాలిని గీతలతో పట్టే వారికి ముందు తలం మేలు, వెలిగే రెటికిల్ ఉంటే ఇంకా మేలు. దట్టమైన అడవిలోనే ఎక్కువగా వేటాడేవారు వెనుక తలం తీసుకోవచ్చు.

మిగిలిన వాటిలో మూడింటిని వదలకండి. ఎత్తు టరెట్‌కు జీరో స్టాప్ ఉండాలి. చీకట్లో కంగారులో ఉన్నప్పుడు కూడా టరెట్ మొదటి గురి దగ్గరే ఆగుతుంది. పక్క టరెట్‌కు మూత ఉండాలి, లేకపోతే సంచికి రాసుకుని దానంతట అదే తిరుగుతుంది. కంటికి, స్కోప్‌కు మధ్య దూరం మాగ్నమ్ తూటాలకు మూడున్నర అంగుళాలకు తగ్గకూడదు. తగ్గితే కనుబొమ మీద అర్ధచంద్రాకారపు గాయం ఖాయం. లియుపోల్డ్, నైట్‌ఫోర్స్, వోర్టెక్స్ వంటి కంపెనీలు వేర్వేరు ధరల్లో ఇలాంటివి చేస్తున్నాయి. ఒకే కంపెనీలో కూడా తరగతికి, తరగతికి చాలా తేడా ఉంటుంది కాబట్టి పేరు చూసి కాక, కింద చెప్పే పరీక్ష పెట్టి నమ్మండి.

బిగించడం, పరీక్షించడం

రింగులు కూర్చునే బేస్ మరలను, రింగు మరలను, యాక్షన్ మరలను చేతి అంచనాతో బిగించవద్దు. మరను ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఒకటి కొనండి. చాలా రింగులకు 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు చాలు. మీ రింగుల తయారీదారు చెప్పిన అంకెనే పాటించండి. అంతకు మించితే స్కోప్ గొట్టం నొక్కుకుపోయి లోపలి భాగాలు సరిగా కదలవు. బేస్ మరల నూనెను ముందుగా తుడిచివేయండి. తూకపు దారం ఒకటి వేలాడదీసి, రెటికిల్ నిలువు గీతను దానితో కలపండి. స్కోప్ ఒక వైపుకు ఒరిగి ఉంటే ఎత్తు తిప్పిన కొద్దీ బుల్లెట్ పక్కకు పోతుంది.

తరువాత టరెట్ పరీక్ష. 100 గజాల దూరాన్ని టేపుతో కొలిచి, నాలుగడుగుల ఎత్తున్న అట్ట మీద నిటారుగా ఒక గీత గీయండి. అడుగున ఒక చుక్కకు గురి పెట్టి ఐదు కాల్చండి. టరెట్‌ను 30 ఎంఓఏ పైకి తిప్పి, అదే చుక్కకు గురి పెట్టి మరో ఐదు కాల్చండి. రెండు గుంపుల మధ్య దూరం 31.4 అంగుళాలు ఉండాలి. అది 30.5 ఉంటే మీ స్కోప్ నూటికి మూడు వంతులు తక్కువ తిరుగుతోంది. ఆ తేడాను లెక్కలో కలుపుకోవచ్చు. కాని వెనక్కి తిప్పినప్పుడు మొదటి గుంపులోనే పడకపోతే మాత్రం ఆ స్కోప్‌ను తిరిగి పంపేయండి. ఈ పరీక్షకు ఒక పూట, పదిహేను తూటాలు ఖర్చవుతాయి. దీనిని చేయనివారే ఎక్కువ, నాకు అది చాలా బాధ కలిగించే విషయం.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌ను అద్దెకైనా తెచ్చుకోండి. తూటాల పెట్టె మీద ఉన్న వేగం తయారీదారు బ్యారెల్‌లో వచ్చినది. మీ దానిలో సెకనుకు యాభై నుంచి వంద అడుగులు తగ్గవచ్చు. మీ వేగంతో, బుల్లెట్ వివరాలతో, బుల్లెట్ దారిని లెక్కించే బాలిస్టిక్ యాప్‌లో పట్టిక తయారు చేసి, 300, 400, 500 గజాల దగ్గర నిజంగా కాల్చి సరిచూడండి. కాగితం మీది అంకెకు, పలక మీది గుర్తుకు తేడా వస్తే పలకనే నమ్మండి.

డాలస్ పరిసరాల్లో ఉండే తెలుగు వేటగాళ్లు చాలామంది ఏడెనిమిది వందల అడుగుల ఎత్తులో జీరో చేసుకుని, కొలరాడోలో 10,000 అడుగుల ఎత్తుకు వెళతారు. అక్కడ గాలి పలచన కావడం వల్ల 500 గజాల దగ్గర బుల్లెట్ సుమారు 3 అంగుళాలు పైన పడుతుంది. యాప్‌లో ఎత్తు, ఉష్ణోగ్రత మార్చి కొత్త పట్టికను ముద్రించి, తడవకుండా టేపు వేసి స్టాక్‌కు అంటించండి. ఫోను బ్యాటరీ చలికి ఆగిపోతుంది.

దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ లేకుండా 300 గజాలు దాటవద్దు. వాలును లెక్కించేది తీసుకోండి: 30 డిగ్రీల కిందికి 500 గజాల దూరంలో ఉన్న జంతువుకు 433 గజాల లెక్కే వేయాలి, లేకపోతే బుల్లెట్ వీపు మీదుగా పోతుంది.

ఖర్చు ఎలా పంచాలి

మొత్తం 3,000 డాలర్లు ఉన్నాయనుకుంటే, రైఫిల్‌కు 900, స్కోప్‌కు 900, రింగులు, బేస్, టార్క్ రెంచ్‌లకు 200, రేంజ్‌ఫైండర్‌కు 350 పెట్టి, మిగిలిన 650 తూటాలకు ఉంచండి. రైఫిల్‌కు 2,000 పెట్టి తూటాలకు వంద మిగుల్చుకున్నవారిని ఏటా చూస్తున్నాను. అమెరికాలో రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ద్వారా వన్యప్రాణి సంరక్షణకు వెళుతుంది కాబట్టి, సాధనకు కొన్న ప్రతి పెట్టె తూటాలూ ఎల్క్ తిరిగే నేలకు కూడా ఉపయోగపడతాయి.

వేట స్థలానికి చేరిన రోజు

విమానంలో తీసుకువెళితే రైఫిల్‌ను ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ దగ్గర ప్రకటించాలి, కేబిన్‌లోకి అనుమతించరు. గమ్యం చేరాక, ఎంత ఆలస్యమైనా, 100 గజాల దగ్గర మూడు తూటాలు కాల్చి జీరో సరిచూడండి. మొదటి బుల్లెట్‌ను ప్రత్యేకంగా గమనించండి, ఎందుకంటే వేటలో మీరు కాల్చబోయేది చల్లని బ్యారెల్ నుంచి వెలువడే అలాంటి బుల్లెట్‌నే. అది ఒకటిన్నర అంగుళం దాటి పక్కన పడితే రింగు మరలు సరిచూసి, మళ్లీ జీరో చేసిన తరువాతే కొండ ఎక్కండి.

జంతువు మీద కాల్చిన వెంటనే బోల్ట్ లాగి మరో తూటా ఎక్కించండి. అది పడినట్టు కనిపించినా సరే. స్కోప్‌లోంచి కన్ను తీయకుండా, అది నిలబడ్డ చోటును ఒక రాయితోనో చెట్టుతోనో గుర్తు పెట్టుకుని, రేంజ్‌ఫైండర్‌తో ఆ దూరాన్ని మళ్లీ కొలిచి రాసుకోండి. 400 గజాలు నడిచి లోయ దాటి అవతలికి చేరేసరికి ఆ పొదలన్నీ ఒకేలా కనిపిస్తాయి. తప్పిపోయిందని మీకు అనిపించినా ఆ చోటికి వెళ్లి, రక్తం, వెంట్రుకలు, గిట్టల జాడలు వెతకండి. దూరం నుంచి కాల్చినప్పుడు బుల్లెట్ తగిలిన శబ్దం గాలిలో కలిసిపోతుంది, గాయపడిన ఎల్క్ ఏమీ జరగనట్టే వంద గజాలు నడిచి వెళ్లగలదు.